చావింటి పాటాయన

బియ్యప్పిండి పట్టించుకుందామని మొన్న మరకు వెళ్ళాను. మర నడిపే ఆవిడ నా డబ్బాలో చెయ్యి పెట్టి బియ్యం తడి చూస్తూ, "మీ ఇంటికి టీవీ చూట్టానికొచ్చే పాటాయన పోయాడంటక్కా. మాచర్లలో, మేనకోడలి ఇంటికాడ. చానా రోజులైందంట" అంది. మర మోతలో సరిగా వినపడక రెండోసారి చెప్పించుకున్నాను. రెండోసారీ అదే చెప్పింది.

పిండి తీసుకుని ఇంటికొచ్చాను. ఎవరిదో జాకెట్టుకు హుక్కులు కుట్టాల్సి ఉంటే కుట్టాను. సాయంత్రం టీవీ పెడితే, అమ్మా ఆయనా కలిసి చూసిన పాటల పోటీ కొత్త సీజన్ వస్తోందని ప్రకటన. కోచ్‌లు మారారు, కుర్చీలు మాత్రం అవే. చూడబుద్ధి కాక కట్టేశాను. అమ్మ లేదు, ఆయనా లేడు. ఆ ఇద్దరూ ఆ కుర్చీల గురించి చెప్పుకున్న కబుర్లు విన్నదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. ఎవరితోనైనా చెప్పుకుందామంటే, "ఆ చావుపాటలాయనా?" అని మొహం చిట్లించేవాళ్ళే. అందుకని రాసుకుంటున్నాను.

మా గురజాలలో ఎవరైనా పోతే ఆయనకు కబురు వెళ్ళేది. శవానికి స్నానం చేయించి పాడె మీదకు చేర్చేదాకా ఇంటి ముందు కూర్చుని, ఆ తర్వాత పాడె వెనకాల నడుస్తూ తత్వాలు పాడేవాడు. చేతిలో చిన్న తాళాలు తప్ప వేరే వాయిద్యం ఉండేది కాదు. వయసులో ఉన్నప్పుడు నాపరాయి గనుల్లో పని చేశాడట. భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. బస్టాండు వెనక ఒక గదిలో ఉండేవాడు. మీసానికి నల్లరంగు వేసేవాడు కానీ కనుబొమలు తెల్లగా వదిలేసేవాడు. అదేంటని అడిగితే, "పాడేటప్పుడు అందరూ నోరే కదా చూసేది" అనేవాడు.

గొంతంటే ఆయనకు పసిబిడ్డ కింద లెక్క. రోళ్ళు పగిలే ఎండల్లోనూ మెడ చుట్టూ తువ్వాలు ఉండాల్సిందే. కూల్‌డ్రింక్ ఇస్తే, విషమిచ్చినట్టు మన మొహంలోకి చూసేవాడు. జేబులో ఎప్పుడూ మిరియాలు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒకటి నోట్లో వేసుకుని, ఆ ఘాటు దిగేదాకా చెయ్యి పైకెత్తి మనల్ని ఆగమనేవాడు.

ఇంత చేసి, ఆ గొంతు వట్టి రోజుల్లో ఎత్తడానికి లేదు. ఆ పాట వినపడిందంటే ఎక్కడో శవం ఉన్నట్టే కదా. కూడదని ఎవరూ కాగితం మీద రాయలేదు గానీ, టీ కొట్టు దగ్గర చిన్నగా కూనిరాగం తీసినా కొట్టాయన, "పొద్దున్నే ఏంది పెద్దాయనా, బేరం టైములో" అనేవాడు. బాలింతలున్న సందులోకి వెళ్ళినప్పుడు దగ్గు కూడా ఆపుకునేవాడంటే నమ్మండి.

మరి సాధన ఎక్కడ? పిండిమర దగ్గర. మర ఆడుతున్నంతసేపూ వెనకవైపు గోడకు చేరగిలబడి, ఆ మోత కింద గొంతు విప్పేవాడు. ఆయన పాడుతున్నట్టు పక్కన నిలబడ్డవాళ్ళకు కూడా తెలిసేది కాదు. బియ్యం పట్టించుకునేవాళ్ళు ఎక్కువ ఉన్న రోజు ఆయనకు పండగ. ఒకరోజు నేను అక్కడ ఉండగానే కరెంటు పోయింది. మర ఒక్కసారిగా ఆగింది. ఆయన కళ్ళు మూసుకుని మంచి పట్టులో ఉన్నాడేమో, ఆగలేదు. వీధి మధ్యలో ఆ పాట ఒక్కటే మిగిలింది. క్షణంలో ఇళ్ళలోంచి ఆడవాళ్ళు కొంగులు సర్దుకుంటూ పరిగెత్తుకొచ్చారు. "ఎవురు? ఎవురు పోయారు?" అని ఒకావిడ అప్పుడే ఏడుపు కూడా ఎత్తుకుంది. ఎదురింటి ముసలాయన, పొద్దున్నుంచి జ్వరంతో పడుకున్నవాడు, తన గురించేనేమో అని లేచి గడపలోకొచ్చి నిలబడ్డాడు. పాటాయన కళ్ళు తెరిచి, ఇంతమందిని చూసి, "ఎవురూ పోలేదమ్మా. కరెంటు పోయింది" అన్నాడు.

అందరూ నవ్వారు. తర్వాత తిట్టారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి అమ్మకు చెబితే ఆమె మాత్రం నవ్వలేదు. "పాపం, మరకాడ పాడుకుంటాడా?" అంది.

ఆయన మా ఇంటికి రావడం చొక్కా వల్ల మొదలైంది. నేను ఇంట్లోనే మిషన్ కుడతాను. నా కాపురం సంగతి ఇక్కడ అక్కర్లేదు గానీ, చాలా ఏళ్ళుగా అమ్మా నేనూ ఇద్దరమే. చొక్కా చేతులు పొట్టి చేయించుకుందామని వచ్చినాయన, గడపలో నిలబడి లోపల టీవీ వంక చూస్తూ ఉండిపోయాడు. మధ్యాహ్నం పూట ఆ పాటల పోటీని రెండోసారి వేస్తారు. నలుగురు పేరున్న గాయకులు కోచ్‌లు. సింహాసనాల్లాంటి కుర్చీల్లో, పాడే మనిషికి వీపు పెట్టి కూర్చుంటారు. మనిషిని చూడకుండా గొంతు ఒక్కటే వినాలి. నచ్చితే మీట నొక్కుతారు, కుర్చీ గిర్రున ఇటు తిరుగుతుంది.

"నిలబడతావేంది మరిదీ, కూర్చో" అంది అమ్మ. నేను ఆయన్ని బాబాయ్ అంటాను కనక ఆమెకు మరిది. ఆయన గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చున్నాడు. మర్నాడు మధ్యాహ్నం కుట్టించుకోవడానికి ఏమీ లేకుండానే వచ్చాడు. ఆ తర్వాత రోజూ వచ్చాడు.

పక్కింటివాళ్ళు అమ్మను మందలించారు. చావు పాటలు పాడేవాణ్ణి రోజూ ఇంట్లోకి రానిస్తే ఏం మంచిదని. "టీవీ చూస్తే చావొచ్చేటట్టుంటే ఊళ్ళో ఒక్కరు మిగలరు పోవే" అంది అమ్మ.

మామూలుగా జనం కుర్చీ తిరిగే క్షణం కోసం చూస్తారు. అమ్మా అంతే, తిరిగితే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టేది. ఆయనకు అది పట్టేది కాదు. పాట అయ్యాక కోచ్‌లు మాట్లాడతారే, ఇక్కడ బాగా ఎత్తుకున్నావు, ఇక్కడ శ్రుతి కిందకి జారింది అని, ఆ మాటల కోసం చూసేవాడు. అప్పుడు నా మిషన్ చప్పుడైతే కోపం వచ్చేది. "ఒక్క నిమిషం ఆపమ్మాయ్, బంగారం పోదులే." కోచ్‌లతో పోట్లాడేవాడు కూడా. కృష్ణ అవతలి ఊరి నుంచి వచ్చిన లావుపాటి కుర్రాడొకడు ఉండేవాడు. ఒక కోచ్ వాణ్ణి ఊరికే "అద్భుతం" అంటే ఈయనకు మండిపోయింది. "అద్భుతం అంటే ఏంది? అది చెప్పటమా? వాడు నడిమధ్యలో ఊపిరి ఎగదీసుకున్నాడు. అది చెప్పాలా. వాడికి పనికొచ్చేది అదే."

"నువ్వెళ్ళి కూర్చోపోయావా ఆ కుర్చీలో" అంది అమ్మ.

"నాకు కుర్చీ ఎందుకు వదినా. నన్ను అవతల నిలబెట్టి, ఒక్క మాట చెప్పేవాడుంటే చాలు."

ఆ మాట నవ్వుతూనే అన్నాడు గానీ, తర్వాత ప్రకటనలు వస్తుంటే టీవీ నోరు నొక్కేసి నిదానంగా చెప్పాడు. ఇన్నేళ్ళుగా పాడుతున్నాడు. ఎంతో మందిని సాగనంపాడు. ఎవరి కోసం పాడతాడో ఆ మనిషికి వినపడదు. ఇంటివాళ్ళు ఏడుపులో ఉంటారు. మిగతావాళ్ళు కట్టెలు వచ్చాయా, హైదరాబాదు నుంచి అల్లుడు బయల్దేరాడా అని ఫోన్లలో ఉంటారు. చావింట్లో నీ పాట బాగుందని ఎవరంటారు? అనగూడదు కూడా.

"నా పాట ఎట్టుంటదో నాకు తెలవదు వదినా. ఒక్కళ్ళన్నా చెప్పలా" అన్నాడు.

వచ్చే సీజన్లో చేరడానికి ఎంపికలు జరుగుతున్నాయని కింద అక్షరాలు పరిగెత్తుతుంటే నన్ను చదవమన్నాడు. వయసు ముప్ఫై అయిదు లోపు ఉండాలని చదివాను. "అయ్యో, మొన్ననే దాటిపోయిందే" అన్నాడు, మీసం దువ్వుకుంటూ. ముగ్గురం నవ్వుకున్నాం.

ఈలోగా పిలుపులు కూడా తగ్గాయి. శవాన్ని తీసుకెళ్ళే వ్యాన్లు వచ్చాయి, వాటికి స్పీకర్లుంటాయి, పాటలు వాటంతటవే మోగుతాయి. పాడేవాడికి టీ ఇప్పించే పని కూడా ఉండదు.

సీజన్ సగంలో అమ్మ మంచాన పడింది. ముందు తుంటి విరిగింది, తర్వాత ఒకదాని వెంట ఒకటి. నరసరావుపేట ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉంచి, ఇక ఇంటికి తీసుకెళ్ళమన్నారు. ఆ మాటకు అర్థం నాకు తెలుసు, అమ్మకూ తెలుసు. మంచం టీవీ ఉన్న గదిలోకి మార్పించుకుంది. ఆయన అదే కుర్చీలో కూర్చుని, ఆమె నిద్రలోకి జారినప్పుడు ఎవరెవరు ఏం పాడారో లేచాక చెప్పేవాడు.

ఒక మధ్యాహ్నం కార్యక్రమం అయిపోయాక అమ్మ అడిగింది. "మరిదీ, నేను పోతే ఏం పాడతావు?"

"ఛ, ఏంది వదినా ఆ మాటలు."

"చెప్పవయ్యా. నా పాట నేను తెలుసుకోగూడదా?"

ఆయన తువ్వాలు అంచు నలుపుతూ చెప్పాడు. ఆమెను చూస్తే బిందె పాట గుర్తొస్తుందట. దూరాన్నుంచి నీళ్ళు మోసుకొచ్చిన ఆడమనిషి ఇంటి గడపలో బిందె దించుకునే పాట. ఎవరి దగ్గరా నేర్చుకున్నది కాదు, ఆయనే కట్టుకున్నాడు.

"అయితే పాడు."

"ఇప్పుడా?"

"పోయాక పాడితే ఊరంతా వింటారు, నాకేం వినపడిద్ది? నేను కోచ్‌ననుకో. పాడు, ఎట్టుందో చెబుతా."

ఆయన లేచి, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకోకుండానే వెళ్ళిపోయాడు. బతికున్న తల్లి ముందు చావు పాట పాడించే కూతుర్ని ఎక్కడైనా చూశారా? విషయం మామయ్యకు చేరింది. అమ్మకు తమ్ముడు, రెండు వీధుల అవతలే ఇల్లు. మర్నాడు పాటాయన వచ్చేవేళకు మామయ్య గేటు దగ్గరే నిలబడ్డాడు.

"బతికున్న మనిషి తలకాడ ఆ పాటలేంది పెద్దాయనా? రేప్పొద్దున ఏదన్నా అయితే ఊరు ఊరుకునిద్దా? నువ్వు పాడబట్టే పోయిందంటారు. నేనే అంటా" అన్నాడు.

"నిజమేనయ్యా" అన్నాడు పాటాయన. ఆయన భయం కూడా అదే. ఆమె ఎలాగూ ఎక్కువ కాలం ఉండదని అందరికీ తెలుసు. పాడితే ఆ నింద తప్పదు. ఉన్న నాలుగు పిలుపులూ పోతాయి. పాడకపోతే, అడిగి వింటానన్న ఒక్క మనిషీ వినకుండా పోతుంది. ఆయన గేటు ఊచ పట్టుకుని లోపలికీ రాక, వెనక్కీ పోక నిలబడ్డాడు.

లోపలినుంచి అమ్మ గొంతు వచ్చింది, సన్నగా. "ఒరేయ్ తమ్ముడూ, పోయేది నేనా నువ్వా? ఆయన్ని రానియ్యి."

మామయ్య కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. పాటాయన లోపలికొచ్చి కుర్చీలో కూర్చుని మిరియం నోట్లో వేసుకున్నాడు. "అమ్మాయ్, నువ్వు మిషన్ తొక్కు" అన్నాడు. మరచాటు అలవాటు మరి. నేను మిషన్ దగ్గరకు వెళ్ళబోతుంటే అమ్మ చెయ్యి అడ్డం ఊపింది. "మిషన్ వద్దు. టీవీ వద్దు. కిటికీ కూడా తెరువు."

పాడాడు. మొదట గొంతు వణికింది. తర్వాత నిలదొక్కుకుంది. నాకు సంగీతం తెలియదు, ఎలా ఉందో చెప్పలేను. నాకు తెలిసిందల్లా అమ్మ ఆ పాట వింటున్న తీరు. కళ్ళు మూసుకోలేదు, ఏడవలేదు. మంచం పట్టె మీద వేళ్ళతో తాళం వేస్తూ, కుట్టుపని సరిగా ఉందో లేదో చూసే గిరాకీలా చాలా శ్రద్ధగా విన్నది. నేను మాత్రం గోడకు ఆనుకుని, ఇది అయిపోతే బాగుండు, అయిపోకుంటే బాగుండు అని రెండూ అనుకున్నాను.

పాట ఆగేసరికి గేటు దగ్గర నలుగురైదుగురు ఆడవాళ్ళు చేరారు. "ఏమే, ఎప్పుడు పోయింది మీ అమ్మ?" అంది ఒకావిడ ముక్కు చీదుతూ.

"ఇంకా పోలేదు. పోతే కబురు పెడతాలే, పోండి" అంది అమ్మ మంచం మీదినుంచి.

వాళ్ళు వెళ్ళాక ఆయన అడిగాడు. "ఎట్టుంది వదినా?"

"మంచి గొంతు మరిదీ. చానా మంచి గొంతు. దాచుకోవాల్సిన గొంతు కాదు." అమ్మ ఆయాసం తీర్చుకుంది. "కానీ రెండో చరణంలో తొందరపడ్డావు. బిందె దించే కాడ. అంత దూరం మోసుకొచ్చినామె గడపలోకొచ్చి గబుక్కున పడేసిద్దా? నిదానంగా దించాలా."

నేను కంగారుపడ్డాను, ఆయన నొచ్చుకుంటాడేమోనని. ఆయన మొహం వెలిగిపోయింది. కుర్చీ మంచం దగ్గరకు లాక్కుని, "నిజమే వదినా, నిజమే. పాడె ఎత్తేవాళ్ళు ఉంటారే, సరిగ్గా ఆడికొచ్చేసరికి ఎవడో ఒకడు 'కానియ్యండి, కానియ్యండి' అంటాడు. తరుముతారు. అదే అలవాటై పోయింది. నాకు తెలవనే తెలవదు" అన్నాడు. అంటూనే తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. "ఇంకోసారి చెప్పు వదినా, ఏ కాడ?" అని మళ్ళీ చెప్పించుకున్నాడు. ఆ వయసు మనిషి అంత ఆనందపడటం నేను మళ్ళీ చూడలేదు.

"రేపు సరిచేసి పాడతా" అన్నాడు వెళ్తూ. మర్నాటి నుంచి అమ్మకు స్పృహ సరిగా లేదు. ఆయన వచ్చి కూర్చునేవాడు, చూసేవాడు, వెళ్ళేవాడు. ఆ వారంలోనే అమ్మ పోయింది. పోటీ ఫైనల్ ఇంకా జరగనే లేదు.

మామయ్య అన్నంత పనీ చేశాడు. వాకిట్లో అందరి ముందూ, "నువ్వు పాడబట్టే మా అక్క పోయింది. ఇంకా ఏం మిగిలిందని వచ్చావు?" అన్నాడు. వ్యాన్ మాట్లాడానని, పాటలు అందులోనే వస్తాయని చెప్పాడు. ఆయన తాళాలు జేబులో పెట్టుకుని వెనక్కి తిరిగాడు. నేను అడ్డం వెళ్ళాను. "వ్యాన్ వద్దు మామయ్యా. మోసుకునే పోదాం. బాబాయ్ పాడతాడు. అమ్మకు మాటిచ్చాడు" అన్నాను. నా గొంతు ఎలా ఉందో ఏమో, మామయ్య వద్దని వ్యాన్‌వాడికి ఫోన్ చేశాడు.

ఆ తర్వాత ఊళ్ళో ఆయన్ని ఎవరూ పిలవలేదు. ఆయన పాడితే మనిషి పోతాడన్న పేరు స్థిరపడింది. మర దగ్గర కూడా నిలబడనివ్వలేదట. కొన్నాళ్ళకు మాచర్ల వెళ్ళిపోయాడు. అయితే ఆయన్ని తలుచుకుంటే నాకు గుర్తొచ్చేది అవేవీ కాదు, అమ్మను తీసుకెళ్ళిన రోజే.

ఒక్కతే కూతుర్ని కనక నేనూ పాడె వెంట నడిచాను. ఆయన వెనకాల బిందె పాట పాడుతూ వచ్చాడు. మా వైపు శ్మశానానికి సగం దోవలో పాడె కిందికి దింపి, పోయిన మనిషి చెవిలో మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఏ మూలనైనా మిగిలి ఉంటే పలుకుతుందేమోనన్న ఆశ. దింపుడు కళ్ళం అంటారు. మామయ్య, "అక్కా, అక్కా, అక్కా" అని పిలిచి లేచాడు. నేనూ పిలిచాను. అమ్మ పలకలేదు.

అప్పుడు ఆయన వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మెడలో తువ్వాలు తీసి పక్కన పెట్టాడు. ఆమె చెవి దగ్గరకు వంగి, నేను తల దగ్గరే ఉన్నాను కనక నాకు వినపడింది, "వదినా, ఇప్పుడు నిదానంగానే దించా కదా?" అన్నాడు.

అలాగే వంగి ఉండిపోయాడు. మోసేవాళ్ళలో ఎవరో, "కానియ్యండి పెద్దాయనా, ఎండ" అన్నారు. ఆయన తలెత్తి నా వంక చూశాడు.

"నువ్వు విన్నావా అమ్మాయ్, రెండో చరణం?"

"వినలేదు బాబాయ్. ఏడుస్తున్నాను."

ఆయన తలూపాడు. తువ్వాలు తీసుకుని, మట్టి దులుపుకుని లేచాడు.

"వదినైతే చెప్పేది" అన్నాడు.